కిరాణా బిల్లులో సేల్స్ టాక్స్ తప్పుగా పడిందా? టెక్సస్‌లో ఎలా చూసుకోవాలి, ఎలా వెనక్కి తీసుకోవాలి

"తిండి సరుకుల మీద టాక్స్ లేదంటారు కదా, మరి మా బిల్లులో ఎందుకు పడింది?" టెక్సస్‌కి కొత్తగా వచ్చిన విద్యార్థులు, పిల్లల దగ్గర ఉండటానికి వచ్చిన అమ్మానాన్నలు తరచుగా అడిగే ప్రశ్న ఇది. విడివిడిగా చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నాను. ఇది టెక్సస్ పద్ధతి. ఇతర రాష్ట్రాల్లో ఉన్నవాళ్ళకి కావలసింది చివర్లో ఉంది. ముందు అది చదివి, తర్వాత ఇక్కడి అంచెలు మీ రాష్ట్రానికి తగ్గట్టు వాడుకోండి.

విషయం క్లుప్తంగా ఇది. టెక్సస్‌లో రాష్ట్ర సేల్స్ టాక్స్ 6.25 శాతం. దాని మీద ఊరు, కౌంటీ (మన జిల్లాలాంటిది) వగైరా కలిసి ఇంకో 2 శాతం దాకా వేసుకోవచ్చు. అంటే ఎక్కడైనా 8.25 శాతం దాటదు. ఇంట్లో వండుకుని తినే సరుకుల మీద మాత్రం రాష్ట్ర పన్నూ లేదు, స్థానిక పన్నూ లేదు. కాబట్టి బియ్యం బస్తా మీద ఒక్క సెంటు టాక్స్ పడినా అది తప్పే. అయితే కిరాణా షాపులో అమ్మేదంతా చట్టం దృష్టిలో తిండి సరుకు కాదు. గందరగోళమంతా అక్కడే.

ఇండియా నుంచి కొత్తగా వచ్చినవాళ్ళు రెండు తేడాలు గుర్తుపెట్టుకోవాలి. అక్కడ ఎం.ఆర్.పి.లోనే పన్ను కలిసి ఉంటుంది. ఇక్కడ షెల్ఫ్ మీద రాసిన ధర మీద కౌంటర్ దగ్గర పన్ను కలుపుతారు. ఇంకోటి, 2022 జులై నుంచి ఇండియాలో 25 కిలోల లోపు ప్యాకెట్ కట్టి లేబుల్ వేసిన బియ్యం మీద 5 శాతం జీఎస్టీ ఉంది, విడిగా తూచి ఇస్తే లేదు. టెక్సస్‌లో అలాంటి తేడా లేదు. బ్రాండ్ ఉన్నా, ఆర్గానిక్ అయినా, విడిగా తూచి ఇచ్చినా బియ్యం బియ్యమే.

కావలసినవి

బిల్లు కాగితం, ఫోన్‌లో కాలిక్యులేటర్, సరుకు ప్యాకెట్లు. ప్యాకెట్లు పారేయకండి. లేబుల్ మీద రాసినదాన్ని బట్టే చాలా సరుకుల సంగతి తేలుతుంది. బిల్లుకి ఆ రోజే ఫోటో తీసి పెట్టుకోండి. ఆ కాగితం మీది అచ్చు కొన్నాళ్ళకి వెలిసిపోతుంది, కారులో ఎండకి పెడితే ఇంకా త్వరగా.

1. మీ షాపున్న ఊరి రేటు తెలుసుకోండి

డాలస్, ఇర్వింగ్, ప్లేనో, ఫ్రిస్కో, హ్యూస్టన్, ఆస్టిన్, శాన్ ఆంటోనియో, అన్నిచోట్లా 8.25 శాతమే. ఊరి పొలిమేరలు దాటి ఉన్న షాపుల్లో కాస్త తక్కువ ఉండొచ్చు. చాలా బిల్లుల్లో టాక్స్ వరుస పక్కనే రేటు అచ్చు వేస్తారు. లేకపోతే రాష్ట్ర కంప్ట్రోలర్ (రాష్ట్ర పన్నులు చూసే అధికారి) వెబ్‌సైట్‌లో షాపు అడ్రస్ కొట్టి చూడండి. మీ ఇంటి అడ్రస్ కాదు, షాపు అడ్రస్.

2. బిల్లులో అక్షరాల గుర్తులు చూడండి

ధర పక్కన ఒక అక్షరం ఉంటుంది. టాక్స్ పడిన సరుకు పక్కన 'టి' వేయడం మామూలు. 'ఎఫ్' అంటే ఫుడ్ స్టాంపులతో (తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకి తిండి కోసం ప్రభుత్వం ఇచ్చే సాయం) కొనదగిన తిండి సరుకు అని చాలా షాపుల్లో అర్థం. ఇది అన్నిచోట్లా ఒకేలా ఉండదు. ఒక్కో షాపు ఒక్కో అక్షరం వాడుతుంది, కొన్ని బిల్లుల అడుగున ఏ అక్షరం దేనికో రాసి ఉంటుంది. అక్షరం దేనికో తెలియకపోతే చిన్న ఉపాయం ఉంది. సబ్బో, పేపర్ టవల్సో కొన్న బిల్లు తీయండి. వాటి మీద టాక్స్ ఖాయంగా ఉంటుంది కాబట్టి వాటి పక్కనున్న అక్షరమే ఆ షాపులో టాక్స్ గుర్తు.

హెచ్చరిక: 'ఎఫ్' ఉన్నంత మాత్రాన టాక్స్ లేదనుకోకండి. రెండు అక్షరాలూ కలిసి ఉన్న సరుకులు ఉంటాయి. ఉదాహరణకి, చిన్న చిప్స్ ప్యాకెట్ మామూలు డబ్బుతో కొంటే టాక్స్ పడుతుంది.

3. అక్షరాలు లేకపోతే వెనక్కి లెక్క కట్టండి

బిల్లులో ఉన్న టాక్స్‌ని 0.0825తో (అంటే 8.25 శాతంతో) భాగించండి. ఎంత విలువైన సరుకు మీద టాక్స్ వేశారో వస్తుంది.

ఒక ఉదాహరణ. సరుకుల మొత్తం 64.20 డాలర్లు, టాక్స్ 1.98 డాలర్లు అనుకుందాం. 1.98 ÷ 0.0825 = 24. అంటే 24 డాలర్ల సరుకు మీద టాక్స్ వేశారు. ఇప్పుడు బిల్లులో న్యాయంగా టాక్స్ పడాల్సినవి కూడండి: కర్పూరం 3.50, అగరుబత్తీలు 4.00, కూల్‌డ్రింక్ 4.50. మొత్తం 12. మరి మిగతా 12 డాలర్లు ఏమిటి? బిల్లు పైనుంచి కిందికి చూస్తే 6 డాలర్ల చొప్పున రెండు ఆవకాయ సీసాలు కనిపించాయి. దొరికింది. ఆవకాయ తిండి సరుకు, దాని మీద 99 సెంట్లు అదనంగా కట్టారు.

లెక్క ప్రతిసారీ ఇలా సరిగ్గా పూర్ణసంఖ్య రాదు. బిల్లు మొత్తం మీద సెంట్లు గుండ్రం చేస్తారు కాబట్టి ఐదారు సెంట్లు అటూ ఇటూ రావడం సహజం. దాని కోసం తల పట్టుకోకండి. తేడా ఒక సరుకు ధరంత ఉంటేనే వెతకండి.

99 సెంట్ల కోసం ఇంత శ్రమ ఎందుకంటారేమో. నెలకి 100 డాలర్ల సరుకు మీద ఇలా తప్పుగా పడుతూ పోతే నెలకి 8.25, ఏడాదికి 99 డాలర్లు. పార్ట్‌టైమ్ జీతంతో గడిపే విద్యార్థికి అది చిన్న మొత్తం కాదు. పైగా ఆ తప్పు షాపు కంప్యూటర్‌లో ఉన్నంతకాలం ఆ సీసా కొన్న ప్రతి ఇంటి మీదా పడుతుంది. మీరొక్కరు అడిగి సరిచేయిస్తే అందరికీ పోతుంది.

4. ఆ సరుకు మీద నిజంగా టాక్స్ ఉండకూడదా అని తేల్చుకోండి

అడగబోయే ముందు ఇది తప్పకుండా చేయాలి. మన వంటింటి సరుకుల్లో ఏది ఎటో చెబుతాను.

టాక్స్ ఉండనివి: బియ్యం, పప్పులు, పిండ్లు, రవ్వ, నూనె, నెయ్యి, చింతపండు, పసుపు, కారం, పంచదార, బెల్లం, పచ్చళ్ళు, పొడులు, కూరగాయలు, కరివేపాకు, పళ్ళు, కొబ్బరికాయ, పాలు, పెరుగు, గుడ్లు, మాంసం, చేపలు, టీ పొడి, కాఫీ పొడి, ఇడ్లీ పిండి, నూడుల్స్, ఫ్రీజర్‌లో ప్యాకెట్లుగా దొరికే పరోటాలు, సమోసాలు. మంచినీళ్ళ సీసాల మీద కూడా టాక్స్ లేదు.

టాక్స్ ఉండేవి: కర్పూరం, అగరుబత్తీలు, వత్తులు, పూలు, స్టీలు గిన్నెలు, కుక్కర్ గాస్కెట్, సబ్బులు, షాంపూలు. దీపారాధన కోసమని అమ్మే నూనె, నెయ్యి దగ్గర జాగ్రత్త. సీసా మీద తినడానికి కాదని రాసి ఉంటే అది తిండి సరుకు కాదు, టాక్స్ పడుతుంది. పక్కనే ఉన్న వంట నువ్వుల నూనె మీద పడదు. రెండు సీసాలూ చూడటానికి ఒకేలా ఉంటాయి, లేబుల్ చదవండి.

ఇక తికమక పెట్టేవి.

తాగేవి: తీపి కలిపిన కూల్‌డ్రింకుల మీద టాక్స్ ఉంది, డైట్ రకాల మీదా ఉంది. పళ్ళరసం 50 శాతం కంటే ఎక్కువ ఉంటే లేదు. మామిడి డ్రింకుల్లో చాలావాటికి రసం అంతుండదు, లేబుల్ మీద శాతం రాసి ఉంటుంది, చూడండి. బాదం పాలు, లస్సీలాంటి పాల పదార్థాలు కూల్‌డ్రింకుల కిందికి రావు.

కరకరలాడేవి: జంతికలు, చేగోడీలు, మిక్చర్, చిప్స్ పెద్ద ప్యాకెట్ అయితే టాక్స్ లేదు. ఒక్కరు ఒక్కసారికి తినే చిన్న ప్యాకెట్ అయితే ఉంది. లేబుల్ మీద ఒకే సర్వింగ్ అని ఉంటే అది చిన్న ప్యాకెట్. సర్వింగుల సంఖ్యే లేకపోతే 2.5 ఔన్సుల లోపుది చిన్నదని లెక్క. అందుకే ఒకే కంపెనీ మిక్చర్ పెద్ద ప్యాకెట్ మీద టాక్స్ పడకుండా చిన్నదాని మీద పడటం చూస్తారు. అది తప్పు కాదు.

తీపివి: చాక్లెట్లు, చూయింగ్ గమ్, పల్లీ చిక్కీ, రంగుల పంచదార పూసిన సోంపు కాండీ కింద లెక్క, టాక్స్ ఉంటుంది. వంటలో వేసే మామూలు సోంపు మసాలా దినుసు, దాని మీద ఉండదు. బేకరీ కేకులు, బ్రెడ్డు, బిస్కెట్ల మీద, ప్లేటూ స్పూనూ ఇవ్వకుండా అమ్మితే, టాక్స్ లేదు. మిఠాయి షాపు స్వీట్ల దగ్గర ఒక్కో షాపుది ఒక్కో పద్ధతి. వాటి మీద వాదనకు దిగకపోవడమే మంచిది. అంతా స్పష్టంగా ఉన్న పప్పు, పచ్చడి లాంటివాటి మీద అడగండి.

వండినవి: షాపులో వండి వెంటనే తినేలా ఇచ్చే వాటన్నిటి మీదా టాక్స్ ఉంది. వేడి సమోసా, బిర్యానీ సరే, అక్కడే చేసి డబ్బాలో పెట్టిన పులిహోర చల్లగా ఉన్నా అంతే. ఇంటికి పార్శిల్ కట్టించుకున్నా మారదు. ఫ్రీజర్ సమోసాకి లేదు, కౌంటర్ సమోసాకి ఉంది అన్నది ఒక్కటి గుర్తుంటే ఈ వరుస మొత్తం గుర్తుంటుంది.

తిండి కాకపోయినా టాక్స్ లేనివి కొన్ని ఉన్నాయి, వీటిని చాలామంది వదిలేస్తారు. 'డ్రగ్ ఫ్యాక్ట్స్' అనే పట్టీ ఉన్న మందుల మీద ప్రిస్క్రిప్షన్ లేకపోయినా టాక్స్ లేదు. తలనొప్పి బామ్ డబ్బా మీద కూడా ఆ పట్టీ ఉందేమో చూడండి. 'సప్లిమెంట్ ఫ్యాక్ట్స్' ఉన్న విటమిన్లూ అంతే. 2023 సెప్టెంబర్ 1 నుంచి డైపర్లు, శానిటరీ ప్యాడ్‌ల మీద కూడా తీసేశారు.

5. కౌంటర్ దగ్గరే అడగండి

అన్నిటికంటే సులువైన దారి ఇదే. డబ్బు కట్టకముందు స్క్రీన్ మీద టాక్స్ వరుస చూసే అలవాటు చేసుకోండి. ఎక్కువ అనిపిస్తే, మన షాపైతే, "అన్నా, ఈ ఆవకాయ మీద టాక్స్ పడుతున్నట్టుంది, ఒకసారి చూస్తారా?" అంటే చాలు. మన భాష రానివాళ్ళైతే, "దిస్ ఈజ్ ఎ ఫుడ్ ఐటమ్. కుడ్ యూ ప్లీజ్ చెక్ ద టాక్స్?" అనండి. అమ్మానాన్నలు ఒంటరిగా షాపుకి వెళ్తుంటే ఈ రెండు వాక్యాలు ఫోన్‌లో రాసి ఇవ్వండి.

క్యాషియర్‌ని నిందించినట్టు మాట్లాడొద్దు. ఆ కౌంటర్ దగ్గర నిలబడింది చాలాసార్లు మీలాంటి విద్యార్థే, కంప్యూటర్‌లో సరుకు ఎలా ఎక్కించారో అతనికి తెలియదు. షాపు యజమాని కూడా ఆ డబ్బు మింగుతున్నాడనుకోకండి. టాక్స్ పేరుతో వసూలు చేసింది తప్పుగా చేసినా సరే రాష్ట్రానికి కట్టాల్సిందే అని చట్టం. ఇండియా నుంచి వచ్చే సరుకుల బార్‌కోడ్ చాలావరకు 890తో మొదలవుతుంది. చిన్న షాపుల్లో వాటిని ఎవరో కూర్చుని ఒక్కొక్కటిగా ఎక్కించాలి. కొత్త సరుకు ఎక్కించేటప్పుడు టాక్స్ గడి తీసేయడం మరిచిపోతే ఇలా జరుగుతుంది.

6. ఇంటికి వచ్చాక తెలిస్తే

బిల్లు, కుదిరితే సరుకు కూడా పట్టుకుని వెళ్ళి మేనేజర్‌ని అడగండి. రద్దీ ఉండే శని, ఆదివారాల సాయంత్రాలు కాకుండా వారం మధ్యలో వెళ్తే నిదానంగా వింటారు. అడగాల్సినవి రెండు: ఎక్కువ తీసుకున్న టాక్స్ తిరిగి ఇమ్మని, ఆ సరుకుని కంప్యూటర్‌లో సరిచేయమని. రెండోది అడగడం మరిచిపోకండి.

కొన్ని మెషీన్లలో టాక్స్ ఒక్కటే వెనక్కి ఇవ్వడం కుదరదు. అలాంటప్పుడు సరుకు మొత్తం రిటర్న్ చేసుకుని, కంప్యూటర్‌లో సరిచేసి, మళ్ళీ అమ్మినట్టు బిల్లు కొట్టమనండి. వరుస ముఖ్యం. సరిచేయకుండా మళ్ళీ కొడితే అదే టాక్స్ మళ్ళీ పడుతుంది.

యాప్‌లో తెప్పించుకుంటే దారి వేరు. ఆర్డర్ వివరాల్లో టాక్స్ చూసి, ఆ యాప్ కస్టమర్ సర్వీస్‌కే రాయాలి. షాపుకి వెళ్తే వాళ్ళేమీ చేయలేరు. అయితే డెలివరీ, సర్వీస్ చార్జీల మీద పడిన టాక్స్‌ని సరుకు మీద పడిన టాక్స్ అనుకుని పొరబడకండి.

7. షాపు ఇవ్వనంటే

కొన్నవాళ్ళు నేరుగా రాష్ట్రాన్ని అడగడానికి ముందు షాపు నుంచి ఒక కాగితం తీసుకోవాలి. దాని పేరు 'అసైన్‌మెంట్ ఆఫ్ రైట్ టు రిఫండ్', ఫారం 00-985. ఆ టాక్స్ వెనక్కి అడిగే హక్కుని షాపు మీకు రాసిస్తుందన్నమాట. దాన్ని బిల్లులతో జతచేసి కంప్ట్రోలర్ ఆఫీసుకి రిఫండ్ దరఖాస్తు, అంటే ఫారం 00-957, పంపాలి. మామూలుగా నాలుగేళ్ళ గడువు ఉంటుంది.

నా సలహా అడిగితే, ఒకటి రెండు డాలర్ల కోసం ఈ దారి పట్టొద్దు. గుడికో, సంఘం భోజనాలకో ఒకేసారి వందల డాలర్ల సరుకు కొని దాని మీద టాక్స్ పడితే అప్పుడు వాడండి. చిన్న మొత్తాలకి షాపులో సరుకు సరిచేయించడమే అసలు లాభం. క్రెడిట్ కార్డు కంపెనీకి ఫిర్యాదు చేసి డబ్బు ఆపించడం మాత్రం చేయొద్దు. అది ఈ పనికి కాదు, షాపుతో సంబంధం చెడుతుంది.

8. సరిచేశారో లేదో చూసుకోండి

రిఫండ్ కాగితం మీద టాక్స్ మొత్తం విడిగా కనిపించాలి. పై ఉదాహరణలో అయితే 0.99. కార్డుకి వేశామంటే నాలుగైదు రోజుల తర్వాత స్టేట్‌మెంట్ చూడండి. తర్వాతిసారి వెళ్ళినప్పుడు అదే సరుకు ఒక్కటి కొని బిల్లు చూడండి. పక్కన టాక్స్ అక్షరం లేకపోతే పని అయినట్టే. ఆ కంపెనీవే ఇంకో రెండు పచ్చళ్ళు కూడా చూడండి. మామిడికాయ సీసా సరిచేసి గోంగూర సీసా వదిలేయడం మామూలే, ఎందుకంటే రెండింటి బార్‌కోడ్‌లు వేరు.

ఎక్కువమంది పొరబడేది ఇక్కడ

అట్లాంటాలోనో షార్లెట్‌లోనో ఉన్న చుట్టాల బిల్లుతో పోల్చుకుని షాపువాళ్ళతో గొడవ పడటం. రాష్ట్రానికో నియమం. న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, కాలిఫోర్నియాలో వండుకునే సరుకు మీద టాక్స్ లేదు. జార్జియాలో రాష్ట్ర పన్ను లేదు కానీ కౌంటీ పన్ను ఉంది, అందుకే బియ్యం మీద మూడు నాలుగు శాతం పడటం అక్కడ తప్పు కాదు. నార్త్ కరోలినాలో 2 శాతం, వర్జీనియాలో 1 శాతం స్థానికంగా పడుతుంది. టెనెసీలో రాష్ట్రమే 4 శాతం వేస్తుంది, స్థానికం అదనం.

ఈ మధ్య మారినవి కూడా ఉన్నాయి. ఓక్లహోమా 2024 ఆగస్టు చివర్లో, కాన్సస్ 2025 జనవరి 1 నుంచి రాష్ట్ర పన్ను తీసేశాయి. ఇల్లినాయ్, ఆర్కన్సా 2026 జనవరి 1 నుంచి తీసేశాయి. ఈ నాలుగు చోట్లా స్థానిక పన్ను మాత్రం ఉండొచ్చు. ఇల్లినాయ్‌లో ఊళ్ళు తమంతట తాము 1 శాతం వేసుకోవడానికి వీలుంది కాబట్టి షికాగో చుట్టుపక్కల ఊరికీ ఊరికీ తేడా కనిపిస్తుంది. మిసిసిప్పీలో 2025 జులై నుంచి 7 శాతం కాస్తా 5 అయింది. అలబామాలో 2025 సెప్టెంబర్ నుంచి రాష్ట్ర రేటు 2 శాతం. ఈ రాష్ట్రాల్లో ఉంటే పాత రేటే కంప్యూటర్‌లో ఉండిపోయిందేమో ముందు చూసుకోండి.

న్యూజెర్సీ, నార్త్ కరోలినాల్లో కాండీ నిర్వచనం టెక్సస్‌ది కాదు. పదార్థాల జాబితాలో 'ఫ్లోర్' (పిండి) అన్న మాట ఉన్నా, ఫ్రిజ్‌లో పెట్టాల్సిన సరుకైనా అక్కడ కాండీ కాదు. అందుకే కాజూ కత్లీ మీద ఎక్కువ టాక్స్ పడి, దాని పక్కనే పెట్టిన మైదా బిస్కెట్ల మీద పడకపోవచ్చు. లేబుల్ చదవకుండా అడిగితే అక్కడ మీ మాట నిలబడదు.

షాపు మీదే అయితే

ఒక్కో సరుకుకీ టాక్స్ గడి విడిగా పెట్టకండి. పప్పులు, పచ్చళ్ళు, కూరగాయలు, పూజా సామాను, కూల్‌డ్రింకులు, చిన్న ప్యాకెట్ల చిరుతిళ్ళు, వండినవి అని విభాగాలు చేసి, టాక్స్ ఉందా లేదా అన్నది విభాగానికి పెట్టండి. కొత్త సరుకుని విభాగంలో వేస్తే చాలు. దీపారాధన నూనెని వంట నూనెల్లో కాకుండా పూజా సామానులో వేయండి. కస్టమర్‌కి టాక్స్ వెనక్కి ఇస్తే ఆ రిఫండ్ కాగితం దాచి మీ అకౌంటెంట్‌కి ఇవ్వండి, అప్పటికే రాష్ట్రానికి కట్టేసిన మొత్తాన్ని తర్వాతి టాక్స్ రిటర్న్‌లో సర్దుకునే వీలుంటుంది. కొత్త సరుకు దిగిన రోజు రాత్రి షాపు మూసేముందు ప్రతి విభాగం నుంచి ఒక్కో సరుకు స్కాన్ చేసి ఒక టెస్ట్ బిల్లు తీసి చూడండి.